శవాల బండాయన సీటు

ఆయన పోయిన కబురు నాకు వాట్సాప్‌లో తెలిసింది. మా చిన్న వ్యాపారుల గ్రూపులో ఎవరో ఆయన ఫొటో పెట్టారు. చిలకాకుపచ్చ చొక్కా, మెడలో గ్రూపు బ్యాడ్జీ, నోటి నిండా నవ్వు. కింద వరసగా దండాలు పెట్టే చేతుల బొమ్మలు పడుతున్నాయి. ఆ చేతుల మధ్యలోంచే ఒక సభ్యుడు అడిగాడు: "అయితే ఆ సీటు ఖాళీయేనా అండి? మా బావమరిది అంబులెన్సు తిప్పుతాడు, అడుగుతున్నాడు." కాసేపటికి ఎవరో చెవిలో చెప్పినట్టున్నారు, ఆ మెసేజి తీసేశాడు. చదివినవాళ్ళం చదివేశాం.

వాణ్ణి తిట్టాలని టైపు చేయడం మొదలుపెట్టాను. మూడు వాక్యాలు రాశాక ఆగిపోయాను. వాడు అడిగిన దాంట్లో తప్పేముంది? మేమందరం ఆ హాల్లో కూర్చునేది అందుకే కదా. రాసింది చెరిపేసి ఫోను బోర్లా పెట్టేశాను.

ఇలాంటి గ్రూపులు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. వారానికోసారి, పొద్దున్నే, ఒక హోటలు మేడ మీద హాల్లో చిన్న చిన్న పనులు చేసి బతికే వ్యాపారులు చేరతారు. ఒక్కో పనికి ఒక్కటే సీటు, ఒక్కరే సభ్యులు. ఒక ఆడిటరు, ఒక ఏసీ మెకానిక్కు, ఒక ఫొటోగ్రాఫరు, ఒక కేటరింగు ఆవిడ. రెండో ఆడిటర్ని చేర్చుకోరు. ప్రతివాళ్ళూ లేచి తన పని గురించి ఒక్క నిమిషం చెప్పుకోవాలి. నిమిషం అయిపోగానే గంట కొడతారు. గంట మోగగానే అందరూ చప్పట్లు కొట్టాలి. మనకు తెలిసిన ఇంట్లో ఎవరైనా రంగులు వేయించుకుంటుంటే మన గ్రూపు పెయింటరు పేరు చెప్పాలి. దాన్ని రిఫరల్ అంటారు. పని చేయించుకున్నవాళ్ళు మళ్ళీ హాల్లో లేచి "బాగా చేశాడండి" అని అందరి ముందూ చెప్పాలి. దాన్ని టెస్టిమోనియల్ అంటారు. దానికీ గంటా, చప్పట్లూ ఉన్నాయి.

నేను హేతువాదిని. ముహూర్తాల మీద, వాస్తు మీద, శకునాల మీద జీవితమంతా రాశాను. వేదికలెక్కి వాదించాను. ఎదుటివాడికి మాట రాకుండా చేయడం ఎలాగో చిన్నప్పుడే సంఘాల్లో నేర్చుకున్నాను. పొట్ట గడవడానికి మాత్రం దేవీచౌక్‌కి కాస్త ఇవతల ఒక గదిలో పుస్తకాలు టైపు చేసి, తప్పులు దిద్ది, పేజీలు కట్టి ఇస్తుంటాను. పని పల్చబడింది. మా ఆడిటరు మిత్రుడు "ఒకసారి వచ్చి చూడండి, మీకు కుదురుతుంది" అని లాక్కెళ్ళాడు. ఏ గుళ్ళోనూ చెయ్యని భజన ఆ హాల్లో చేశాను. మొదట్లో నా చేతులు ఒళ్ళోనే ఉండేవి. నాలుగు వారాలు తిరిగేసరికి గంట మోగితే వాటంతట అవే లేచేవి.

ఆయన్ని మొదటిసారి చూసింది టిఫిన్ల బల్ల దగ్గర. నారింజ రంగు చొక్కా. ప్లేటులో అన్నీ ఉన్నాయి, అయినా ఇంకో గారె కోసం చెయ్యి చాచారు. బ్యాడ్జీ మీద ట్రాన్స్‌పోర్ట్ అని ఉంది.

"మీ బళ్ళు ఏ ఊళ్ళకి తిరుగుతాయండి?" అన్నాను మర్యాదకి.

"ఏ ఊరి నుంచైనా గోదావరి ఒడ్డుకేనండి."

నాకు అర్థం కాలేదు. ఇసుక తోలతారేమో అనుకున్నాను.

"శవాల బండండి," అన్నారు గారె తుంచుతూ. "ఐస్ బాక్సులు కూడా ఉన్నాయి. ట్రాన్స్‌పోర్ట్ అని వీళ్ళే రాశారు. మీరు చట్నీ వేసుకోలేదేంటి? అల్లం చట్నీ బావుంది, వేసుకోండి."

మాది పేద వృత్తి, మమ్మల్ని చూసి జాలిపడండి అన్న ధోరణి ఆయన దగ్గర లేదు. నాలుగు తరాల బట్టల కొట్టు కుటుంబం వాళ్ళది. మండపేటలో అన్నదమ్ములకి ఇప్పటికీ షాపు ఉంది. ఈయన మూడోవాడు. శవం మీద కప్పే కోరా గుడ్డ కొనడానికి వచ్చేవాళ్ళు బండి కోసం, ఐసు కోసం ఊరంతా పరిగెత్తడం చూసి, ఇదేదో బావుందని ఈ వ్యాపారం పెట్టారు. "సేవ కాదండి, సేవ అనకండి, బేరం అనండి" అని మధ్యలో అందుకునేవారు ఎవరైనా పొగడబోతే. బేరం గట్టిగానే ఆడేవారు. తన బండిలో ఏసీ ఎంత బాగా పనిచేస్తుందో చెప్పడం మొదలుపెడితే తప్పించుకోవడం కష్టం.

రంగుల చొక్కాల సంగతి ఒకసారి అడిగాను.

"తెల్లది వేసుకొస్తే డ్యూటీలో ఉన్నాననుకుని జడుసుకుంటారండి. ఇలా వస్తే కనీసం కాఫీ ఇస్తారు."

ఇంకొకటి గమనించడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆయన ఎవరినీ "ఆరోగ్యం ఎలా ఉందండి?" అని అడగరు. వయసు మళ్ళినవాళ్ళనైతే అసలు అడగరు. మా అధ్యక్షుడు ఇళ్ళకి ఫాల్స్ సీలింగులు వేయించే ఆయన. ఆయన తండ్రి ఒకసారి ఆస్పత్రిలో పడ్డారు. మేమందరం వెళ్ళి చూసొచ్చాం. ఈయన మాతో వచ్చారు కానీ ఎదురుగా టీ కొట్టు దగ్గరే ఆగిపోయారు. "నేను వార్డులోకి వస్తే బాగోదండి. పేషెంటు నన్ను చూసి లెక్క వేసుకుంటాడు" అని నవ్వారు. మేం తిరిగొచ్చాక కూడా పెద్దాయనకి ఎలా ఉందని అడగలేదు. "లోపల క్యాంటీన్లో ఏం పెడుతున్నారండి?" అని అడిగారు. అది ఆయన పరామర్శ. ఎవరు ఎలా ఉన్నారో తెలుసుకోవాలంటే ఏం తిన్నారని అడిగేవారు. రెండు ఇడ్లీలు తిన్నారని చెప్తే మొహం విప్పారేది.

మా ఆఫీసుకి ఎప్పుడు వచ్చినా గుమ్మం బయటే నిలబడి కేకేసేవారు.

"బోణీ అయ్యిందా అండి?"

"నాకు బోణీలూ లేవు, బూడిదా లేదు. లోపలికి రండి."

"మీకు లేకపోవచ్చండి. మీ పక్క షాపాయన చూస్తున్నాడు. రేపు ఆయనకి బేరం కాకపోతే మీ మీద పడతాడు. ఆయన దగ్గరికి జిరాక్సు కోసం ఎవరో ఒకరు వస్తారుగా, వచ్చాక వస్తాను."

ఎండలో నిలబడేవారు. నేను లోపల ఉడికిపోయేవాణ్ణి. బయటికెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చిన రోజులున్నాయి. ఇంతాచేసి వాళ్ళ సొంత షాపులో కూడా అంతేనట. అన్నగారు మొదటి బేరం అయ్యేదాకా ఈయన్ని గల్లాపెట్టె దరిదాపులకి రానివ్వరు. "మా వదిన మాత్రం పెరటి గుమ్మంలోంచి పిలిచి దోసె పెడుతుందండి. దోసె ముఖ్యం కదా" అనేవారు.

వెళ్ళేటప్పుడు మనమందరం "వస్తానండి" అంటాం. చావు ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు ఆ మాట అనకూడదని మనవాళ్ళ నమ్మకం. ఆయన బతుకంతా అలాంటి ఇళ్ళలోనే గడిచింది కనక ఎక్కడా అనడం మానేశారు. మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి వెళ్ళిపోయేవారు. మొదట్లో పొగరనుకున్నాను.

ఆ హాల్లో ఆయన నిమిషం నేను మర్చిపోలేను. "నమస్కారమండి. మాకు రెండు బళ్ళు, నలుగురు డ్రైవర్లు. ఎప్పుడు పిలిచినా వస్తాం. అసలు పిలిచే అవసరం రాకూడదనే కోరుకుంటాం." తన జోకుకి తనే నవ్వేవారు. హాల్లో తలలన్నీ ఫోన్ల మీదికి వంగిపోయేవి. ఆ రోజు పెద్దవాళ్ళని వెంటబెట్టుకొచ్చిన సభ్యులుంటే వాళ్ళు నీళ్ళ కోసం లేచేవారు. చివర్లో ప్రతివాళ్ళూ "ఈ వారం నాకు కావలసింది" అని ఏదో ఒకటి అడగాలి. ఏసీ మెకానిక్కు కొత్త అపార్ట్‌మెంటు అడుగుతాడు, ఫొటోగ్రాఫరు పెళ్ళి అడుగుతాడు. ఈయన ఏమడగాలి? అక్కడికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయేది. "మీ అందరి ఆదరణండి" అని కూర్చునేవారు, గంట ఇంకా మోగకుండానే.

మరి ఎందుకు వచ్చేవారు? ఆస్పత్రి గేటు దగ్గర వేరే రాజ్యం ఉంటుంది. లోపల మనిషి పోయిన కబురు చుట్టాల కంటే ముందు బండివాళ్ళకి చేరుతుంది. చేర్చినవాడికి వాటా ఉంటుంది. ఆ వాటా ఏడుస్తున్నవాళ్ళ మీద పడుతుంది. ఈయన కూడా చాలాకాలం ఆ వాటాలు ఇచ్చారు. తర్వాత మానేశారు.

"మనస్సాక్షి అడ్డొచ్చిందా?" అన్నాను, ఒక వ్యాసానికి పనికొస్తుందన్న ఆశతో.

"గిట్టుబాటు కాలేదండి" అన్నారు.

గేటు మూసుకుంది కనక, బట్టల షాపు వైపు నుంచి వచ్చే బేరాలు తప్పితే ఆయనకి మిగిలిన తలుపు మా హాలే. తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళకి చెప్తే పని వస్తుందని ఎవరో చెప్పారు. నమ్మి చేరారు. ఆ నమ్మకంతోనే రెండో బండి కొన్నారు.

ఇక్కడ నా పాఠకులు ఒక సంగతి వినాలి. గ్రూపులో అందరికంటే ఎక్కువ రిఫరల్స్ ఇచ్చింది ఆయనే. మనిషి పోయిన ఇంట్లో ఎన్ని పనులుంటాయో ఆలోచించండి. పదకొండో రోజు భోజనాలు మా కేటరింగు ఆవిడకి. ఫొటో పెద్దది చేయించడం మా ఫొటోగ్రాఫరుకి. బ్యాంకు కాగితాలు మా ఆడిటరుకి. సంవత్సరీకం ముందు ఇంటికి రంగులు మా పెయింటరుకి. తండ్రి రాసుకున్న పద్యాలు పుస్తకం వేయించాలని ఒకాయనకి కోరిక పుడితే, నాకు. ఆ పని ఎక్కడి నుంచి వచ్చిందని మాలో ఎవరైనా చేతులు కడుక్కున్నామా? చావు ఇంటి డబ్బు గల్లాపెట్టెలోకి వెళ్ళేటప్పుడు దానికి మైల లేదు. ఆ ఇంటిని మాకు చూపించిన మనిషి పేరు మాత్రం నోటితో అనకూడదు. ఇంతకంటే నీచమైన శాస్త్రం ఏ పురోహితుడూ రాయలేదు. మేం పట్టపగలు, టైలు కట్టుకుని, రాసుకున్నాం.

ఇదంతా ఆయనకే ఒకరోజు ఉపన్యాసంలా చెప్పాను. ఓపిగ్గా విన్నారు.

"నిజమేనండి. వాళ్ళు నమ్ముతారు, మీరు నమ్మరు. ఇద్దరి దగ్గర్నుంచీ నాకింతవరకూ ఒక్క ఫోనూ రాలేదు."

అన్నాక, నా మొహం చూసి కంగారుపడి, "రోజ్‌మిల్కు తాగుదామా అండి?" అన్నారు.

తర్వాత మండపేట నుంచి ఒక లారీల ఓనరు వచ్చాడు. రైసు మిల్లుల బియ్యం తోలతాడు. పెద్ద ఆసామి, నలుగురికి పని ఇప్పించగలవాడు. గ్రూపులో చేరతానన్నాడు. ట్రాన్స్‌పోర్ట్ సీటు నిండిపోయి ఉంది. ఒక పనికి ఒకరే. అధ్యక్షుడు టిఫిన్ల దగ్గర ఈయన్ని పక్కకి పిలిచాడు. నేను అక్కడే ఉన్నాను.

"మీరేం అనుకోకపోతే, వచ్చే నెల మీ సీటు రివ్యూకి వస్తుందండి."

"నేను లారీలు తోలనని మీకు తెలుసు కదండి. ట్రాన్స్‌పోర్ట్ అని మీరే రాశారు. ఆయనకి ఇచ్చేయండి. నా పని పేరు రాసి నాకు వేరే సీటివ్వండి."

"ఆ పేరు బోర్డు మీద ఎలా రాస్తామండి? విజిటర్లు వస్తారు, ఆడవాళ్ళుంటారు, పొద్దున్నే."

"పొద్దున్న కూడా పోతారండి మనుషులు."

అధ్యక్షుడు నవ్వలేదు. చెడ్డవాడు కాదు, ఇబ్బంది పడుతున్నాడు. "పోనీ ఒక పని చేద్దాం. మీకింతవరకూ ఒక్క టెస్టిమోనియల్ లేదు. మన సభ్యుల్లో ఒక్కరైనా మీ చేత పని చేయించుకుని, లేచి నిలబడి, ఆ పని ఇదీ అని చెప్తే నేను సీటుకి ఒప్పిస్తాను. రూలు ప్రకారం వెళ్ళినట్టుంటుంది."

అతను వెళ్ళాక ఈయన చాలాసేపు ప్లేటు ముట్టుకోలేదు.

"చూశారా అండి నా పరిస్థితి. ఈ నెలలో మనవాళ్ళలో ఎవరింట్లోనైనా..." అని మొదలుపెట్టి, రెండు చేతులతో నోరు మూసుకున్నారు. అంత పెద్ద మనిషి. చెంపలు వేసుకున్నారు. ఏ దేవుడికి వేసుకున్నారో అడగాలనిపించలేదు.

ఆ నెలలోనే మా అమ్మ పోయింది.

మధ్యాహ్నం భోజనం చేసి పడుకుంది, లేవలేదు. డాక్టరు వచ్చి చూసి వెళ్ళాక నేను మొదట చేసిన ఫోను ఆయనకే.

"ఇంకెవరినైనా పంపనా అండి?"

"మీరే రండి."

"వస్తాను. కానీ దీనికీ ఆ మీటింగుకీ సంబంధం లేదు. అక్కడ ఈ సంగతి ఎత్తనని మాటివ్వండి."

ఊఁ అన్నాను.

బూడిదరంగు చొక్కా వేసుకుని వచ్చారు. ఆయన ఒంటి మీద రంగులేని బట్ట చూడటం అదే మొదలు. అప్పటికే కొవ్వూరు నుంచి మా పెద్దమ్మ కొడుకు వచ్చి పంతులుగారి మాట ఎత్తాడు. నేను అమ్మ తలదగ్గరే నిలబడి అతనితో వాదన పెట్టుకున్నాను. మంత్రాలు ఎందుకో, ఎవరికో చెప్పమన్నాను. నా గొంతు ఎంత లేచిందో నాకు తెలియలేదు. ఆయన మా ఇద్దరి మధ్యలోకి వచ్చి నెమ్మదిగా అన్నారు:

"ఆ వాదన సాయంత్రం పెట్టుకోవచ్చండి. అమ్మగారు కప్పుకునే దుప్పటేదీ?"

"ఎందుకు?"

"బాక్సులో చలండి."

నాకు ఒళ్ళు మండింది. "పోయిన మనిషికి చలేంటండి? మీరు కూడానా?"

"ఆవిడకి కాదండి. అద్దంలోంచి చూసేవాళ్ళకి."

వెళ్ళి దుప్పటి తెచ్చాను. నీలం అంచుది. మే నెలలో కూడా కాళ్ళ మీద వేసుకునేది. ఒక మూల చిరుగు, దానికి ఎర్ర దారంతో కుట్టు. నీలం దారం అయిపోయిందని ఎర్రదానితో కుట్టుకుంది. ఆయన దాన్ని గుండెల దాకా కప్పి, కుట్టున్న మూల లోపలికి మడిచారు. అప్పటిదాకా గోడకి తల కొట్టుకుంటున్న మా చెల్లెలు వచ్చి బాక్సు పక్కన కూర్చుంది. పంతులుగారి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మరునాడు నది ఒడ్డున అంతా అయ్యాక చూస్తే ఆయన లేరు. ఎప్పుడు వెళ్ళారో తెలియదు.

రివ్యూ రోజు నేను మీటింగుకి వెళ్ళాను. పదకొండు రోజులు ఇల్లు కదలకూడదన్న నియమం నాకు లేదు. వెళ్ళినందుకు నాలో నేను కొంచెం గర్వపడ్డాను కూడా. లారీల ఓనరు ముందు వరసలో ఉన్నాడు. ఈయన వెనక వరసలో, చిలకాకుపచ్చ చొక్కాలో. అధ్యక్షుడు సంగతి చెప్పి, "సభ్యుల్లో ఎవరైనా వీరి గురించి చెప్పేది ఉందా?" అన్నాడు. అందరికీ మా ఇంటి సంగతి తెలుసు. ఎవరూ నా వైపు చూడలేదు. ఆయన ఒక్కరే చూశారు. తల అడ్డంగా ఊపారు, వద్దని. చిన్నగా, నాకు మాత్రమే కనిపించేట్టు.

చూశాను. చూసే లేచాను.

గెలిచే వాదన కళ్ళ ముందు కనిపిస్తే కూర్చోవడం నాకు చేతకాదు. నాకు అలవాటైన గొంతుతోనే మొదలుపెట్టాను. "మా అమ్మ శవాన్ని ఈయన శ్మశానానికి తీసుకెళ్ళారు" అన్నాను. ఆ రెండు మాటలూ ఆ హాల్లో ఎవరూ అనలేదు, అందుకని గట్టిగా అన్నాను. బాక్సు సంగతి చెప్పాను. దుప్పటి సంగతి చెప్పాను. ఎర్ర దారం సంగతి చెప్పాను. "ఆవిడకి కాదండి, చూసేవాళ్ళకి" అన్న మాట దగ్గర ఎంతసేపు ఆగాలో నాకు బాగా తెలుసు. ఆగాను. కేటరింగు ఆవిడ పమిట కళ్ళకి అద్దుకుంది. లారీల ఓనరు తల దించుకున్నాడు. ఎదుటి పక్షానికి జవాబు లేదని తెలిసినప్పుడు వేదిక మీద ఛాతీలో ఒక వెచ్చదనం పుడుతుంది. అది పుట్టింది. ఏళ్ళ అలవాటు కదా, లోపల గడియారం ఉంటుంది. గంట మోగేలోపు మా అమ్మని పూర్తి చేశాను.

గంట. చప్పట్లు.

అధ్యక్షుడు కళ్ళు తుడుచుకుంటూ "నెట్‌వర్కింగ్ అంటే ఇదండి" అన్నాడు. చేతులెత్తమంటే అన్ని చేతులూ లేచాయి.

ఆ తర్వాత బోర్డు మీద ఆయన పని పేరు రాశారు. అంత్యక్రియల సేవలు అని, పూర్తిగా, తెలుగులో. ఫోన్లు రావడం మొదలయ్యాయి. ముందు నాకు చేసి "మీరు ఆయనకి చెప్తారా?" అనేవారు. తర్వాత తర్వాత ఆయనకే చేసేవారు. అధ్యక్షుడి తండ్రి పోయినప్పుడు అధ్యక్షుడే చేశాడు. చివరికి మూడో బండి కూడా వచ్చింది. ఆస్పత్రి గేటుకి వాటా ఇవ్వని బండి ఒకటుందని ఊళ్ళో కొంతమందికైనా తెలిసింది.

కనక ఈ గ్రూపులు పనికొస్తాయా అని ఎవరైనా అడిగితే పనికొస్తాయనే చెప్పాలి. అబద్ధం ఆడలేను. శకునాల మీద నేను రాసిన వ్యాసాలన్నీ కలిసి ఆ హాల్లో ఒక్కరి నోరూ తెరిపించలేదు. మా అమ్మ దుప్పటి తెరిపించింది. ఆలోచనని నమ్ముకున్నవాడికి ఇంతకంటే తలవంపులు ఏముంటాయి? మనుషులు వాదనకి మారరు, కన్నీళ్ళకి మారతారు అని తెలియక కాదు. ఆ కన్నీళ్ళ వ్యాపారం చేసే స్వాములనీ బాబాలనీ నేను ఎన్ని పేజీల్లో ఉతికానో నాకే తెలుసు. వాళ్ళు చేసే ఆ పని ఆ రోజు నా చేతికి వచ్చింది. బాగానే వచ్చింది. అదే నాకు మింగుడుపడదు.

ఆ ఉదయం మీటింగు అయ్యాక హోటలు కింద, బళ్ళు పెట్టే చోట, ఆయన నా కోసం ఆగారు. మేడ మెట్లు దిగుతుంటే ఎవరెవరో నా భుజం తట్టారు. నేను ఇంకొక మెప్పు అందుకోవడానికే ఆయన దగ్గరికి నడిచాను.

"సీటు నిలిచింది కదండి" అన్నాను.

"నిలిచిందండి. డ్రైవర్లకి చెప్పాలి, సంతోషిస్తారు."

"మీకు లేదా సంతోషం?"

"ఉంటుందండి. సాయంత్రానికి వస్తుంది." స్కూటరు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ నిలబడ్డారు. "మాటిచ్చారు కదండి."

"మీ కోసమే కదా ఎత్తాను."

"బండి టైముకి వచ్చింది, మనుషులు మర్యాదగా ఉన్నారు, అంటే సరిపోయేది. దుప్పటి సంగతి మీ ఇంట్లోదండి. ఆ ఎర్ర దారం బయటికి కనపడకూడదనే కదా నేను మడిచాను. నా సీటు కోసం అమ్మగారిని ఖర్చుపెట్టేశారు."

నాకు కోపం వచ్చింది. మంచి చేసి మాట పడటం నేనెప్పుడూ ఓర్చుకోలేదు.

"పోయిన మనిషి ఖర్చవడం ఏంటండి? నేను ఒక్క అక్షరం కల్పించలేదు. అనాలంటే ఆ పైనున్నవాళ్ళని అనండి. ఒక తల్లి చావు చెప్తుంటే విని చప్పట్లు కొట్టారు. సిగ్గుండాల్సింది వాళ్ళకి."

ఆయన నా మొహంలోకి చూశారు. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు కనిపించారు. తర్వాత స్కూటరు స్టాండు తీశారు.

"మీరూ కొట్టారండి" అన్నారు.

వెళ్ళిపోయారు. కొట్టలేదని వాదించడానికి నోరు తెరిచి అక్కడే నిలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది. గంట మోగగానే అందరికంటే ముందు మొదలుపెట్టింది నేనే.